తుఫాను సంగతి తర్వాత, ముందు నీళ్ళ సంగతి అడగండి

సముద్రం మీద పనిచేసొచ్చాడు అని తెలిస్తే చాలు, మా బరంపురంలో ఎవరైనా అడిగే మొదటి మాట తుఫాను గురించే. మేనల్లుడు "మావయ్యా, షిప్పు మునిగిపోతాదేమో అనిపించిందా ఎప్పుడైనా?" అంటాడు, పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం బాబూ, కెరటాలు ఎంతెంత ఎత్తు లేచేవి?" అంటారు. అడగడంలో తప్పేం లేదు, మనది తుఫాన్ల దారిలో ఉన్న ఊరు. 1999 అక్టోబర్లో రెండు వారాలు తిరక్కుండా రెండు తుఫాన్లు, మొదటిది మా గంజాం మీదే పడింది, 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డెక్కింది, 2018లో తిత్లీ. గాలి అంటే ఏంటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు, అందుకే సముద్రం అనగానే ముందు గాలే గుర్తొస్తుంది.

నేను చాలా ఏళ్ళు కార్గో షిప్పుల్లో డెక్ మీద పనిచేసాను. తెరచాప ఓడలు కావు, ఇంజను ఓడలే. కానీ ఒడ్డున స్థిరపడ్డాక పాత తెరచాప ఓడల గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను, మ్యాపు ముందేసుకుని, ఏ ఓడ ఎన్ని రోజులు నడిచింది, వాళ్ళు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అని. చదివేకొద్దీ ఒక మాట గట్టిగా తగులుతోంది. దూరప్రయాణాల్లో పోయినవాళ్ళలో ఎక్కువమంది తుఫాన్లో పోలేదు. ఆకాశం నిర్మలంగా ఉన్న మామూలు రోజుల్లో, తాగే నీళ్ళు పాడైపోయి, పచ్చనిది ఏదీ నోట్లో పడక, జబ్బు చేసి పోయారు. తిరిగి ఒడ్డు చూసినవాళ్ళలో చాలామంది ఆ మామూలు రోజుల్ని ఒళ్ళు దగ్గరపెట్టుకుని నడుపుకున్నవాళ్ళే. మనం మాత్రం ఓడ బయల్దేరిన రోజునీ, తుఫాన్లో పడ్డ రోజునీ, తిరిగొచ్చిన రోజునీ కథలుగా చెప్పుకుని మధ్యలో ఉన్న వందల రోజుల్ని గాలికి వదిలేస్తాం. ఇది నాకు నచ్చదు, ఎందుకు నచ్చదో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా వైపు దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. భాద్రపదం ఆదివారాల్లో ఒడియా ఇళ్ళలో ఆడపిల్లలు ఖుదురుకుణి నోము పడతారు, మా తెలుగు ఇళ్ళ పిల్లలు కూడా స్నేహితురాళ్ళతో పోయి కూర్చుంటారు. అక్కడ తపొయి కథ చెప్తారు. ఏడుగురు అన్నదమ్ములు, సాధబ వర్తకులు, ఓడలేసుకుని దూరదేశం వ్యాపారానికి పోతారు, ఇంట్లో మిగిలిన చెల్లెలు తపొయిని వదినలు మేకలు కాయడానికి పంపి నూకలు పెడతారు, చివరికి మంగళాదేవి దయవల్ల అన్నలు తిరిగొస్తారు. ఈ కథంటే నాకు చాలా ఇష్టం. కానీ చూడండి, తపొయి తిన్న నూకల గురించి కథకి తెలుసు, ఆ నూకలే అమ్మవారికి నైవేద్యం కూడా పెడతారు. ఏడుగురు అన్నలు నెలల తరబడి ఓడ మీద ఏం తిన్నారో మాత్రం నేను విన్న ఏ ఇంట్లోనూ ఒక్క మాట లేదు. ఇంటిపట్టున ఉండిపోయిన ఆడవాళ్ళు చెప్పుకున్న కథ కాబట్టి ఇంటి సంగతే ఉంది, అది న్యాయమే. మరి ఓడ ఎక్కినవాళ్ళ కథ ఏమైపోయింది? కార్తీక పున్నమి తెల్లవారుజామున చెరువుల్లో అరటిదొప్పల పడవలు వదులుతాం, అందులో దీపం పెడతాం, తమలపాకూ వక్కా పెడతాం, మా ఇళ్ళలో అయితే అమావాస్య వెళ్ళాక పోలి పాడ్యమికి మళ్ళీ దీపాలు వదులుతాం. పడవలో నీళ్ళు పెట్టాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

అలాగని ఈ తీరానికి ఓడలు కొత్తా అంటే కాదు. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోటుకీ చిలికా సరస్సుకీ మధ్యలో ఉన్న పాలూరునే రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ రాసిన పలౌరాగా చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు, అక్కడికి దగ్గర్లోనే ఓడలు తీరం పట్టుకుని పోవడం మానేసి నడిసముద్రంలోకి, తూర్పు దేశాల వైపు తిరిగేవి. కింద కోరంగిలో ఓడలు కట్టారు, కోరంగి ఓడల్లో మనవాళ్ళు బర్మాకి ఎంతగా పోయారంటే అక్కడ తెలుగువాళ్ళందర్నీ కోరంగీలు అనే పిలిచారు. ఇంత ఉంది. ఓడ మీద ఒక మంగళవారం పొద్దున్న ఎలా గడిచిందో చెప్పే కాగితం మాత్రం మనవాళ్ళ చేతిరాతతో నాకు ఒక్కటీ కనపడలేదు. అందుకే ఇంగ్లీషువాళ్ళ ఓడల్నీ జపాన్ ఓడల్నీ పట్టుకుని చెప్పాల్సొస్తోంది.

ముందు నిద్ర గురించి. తెరచాప ఓడలో మనుషుల్ని రెండు జట్లు చేసేవారు. నాలుగు గంటలు ఒక జట్టు డెక్ మీద, నాలుగు గంటలు ఇంకో జట్టు. రోజుని నాలుగేసి గంటలు చేస్తే ఆరు భాగాలు వస్తాయి, ఆరు సరిసంఖ్య, కాబట్టి అలాగే వదిలేస్తే ఒక జట్టుకి ప్రయాణం ఉన్నన్నాళ్ళూ అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా కాపలా తప్పదు. అందుకని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న భాగాన్ని రెండుగా కోసి, రెండేసి గంటలు చేసారు. ఇప్పుడు ఏడు భాగాలయ్యాయి, ప్రతి రోజూ వంతు దానంతటదే మారిపోతుంది. ఎవరు కనిపెట్టారో గానీ ఇంత చక్కటి న్యాయం నేను చాలా ఆఫీసుల్లో చూడలేదు. ఇసుక గడియారం అరగంటకోసారి తిరగేసి, ఒక్కో దెబ్బ పెంచుకుంటూ గంట కొట్టేవారు, ఎనిమిది దెబ్బలు కొట్టారంటే జట్టు మారాలి. అంటే ఏ రోజూ ఏ మనిషీ ఒక్క పట్టున నాలుగు గంటలకి మించి పడుకున్నది లేదు, అది కూడా మధ్యలో గాలి మారి అందర్నీ పైకి రమ్మని అరవకపోతే. తడి బట్టల్తోనే పడుకుని తడి బట్టల్తోనే లేచేవారు, ఉప్పునీళ్ళ బట్ట ఆరినట్టే ఉంటుంది, మళ్ళీ గాల్లో చెమ్మ పీల్చుకుంటుంది, ఉప్పు వల్ల మణికట్ల దగ్గరా మెడ దగ్గరా పుళ్ళు పడతాయి. అలాంటి మనిషి చీకట్లో కొయ్య స్తంభం ఎక్కి, అడ్డకొయ్య కింద వేలాడే తాడు మీద నిలబడి, బిగుసుకుపోయిన తెరచాపని గోళ్ళతో లాగి మడవాలి. పట్టు తప్పితే కింద డెక్కో, నీళ్ళో.

మా షిప్పుల్లో నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విరామం. నాకు ఎక్కువగా పన్నెండు-నాలుగు పడేది. ఎనిమిది గంటలు ఖాళీ ఉండి కూడా నెల తిరిగేసరికి కళ్ళు మండేవి, మాట తడబడేది, చిన్న విషయానికి కోపం వచ్చేది. దానిలో సగం నిద్రతో వాళ్ళు మూడేసి నెలలు ఎలా చేసారా అని తలుచుకుంటే నాకు తుఫాను కన్నా అదే పెద్ద విషయంగా కనపడుతుంది. మన కాలంలో కూడా చూడండి, నేవీ పడవ తారిణి మీద లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూపా ఇద్దరే ఇద్దరు 2024 అక్టోబర్ 2న గోవాలో బయల్దేరి భూమి చుట్టి 2025 మే 29న తిరిగొచ్చారు. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు పడుకోవాలంటే ఇంకొకరు మెలకువగా ఉండాలి, దాదాపు ఎనిమిది నెలల యాత్రలో నీళ్ళ మీద ఉన్న ప్రతి రాత్రీ అదే. పేపర్లో కెరటాల ఎత్తు రాసారు, బాగానే ఉంది. వాళ్ళు ఎలా నిద్రపోయారో నాకు పూర్తిగా ఒక పేజీ రాసిపెడితే నేను ముందు అది చదువుతాను.

నీళ్ళు. చెక్క పీపాల్లో నింపిన నీళ్ళు వేడి ప్రాంతాలు దాటేసరికి పచ్చబడి, జిగురు కట్టి, వాసన కొట్టేవి, ముక్కు మూసుకుని తాగేవారు. తర్వాత్తర్వాత ఇనుప ట్యాంకులు వచ్చాక కొంత నయం. ఇంగ్లీషు సరుకు ఓడల్లో చివరి రోజుల్లో మనిషికి రోజుకి మూడు క్వార్టులు అని లెక్క ఉండేది, మన లెక్కలో 3.4 లీటర్లు. తాగడానికి, వంటకి, మొహం కడుక్కోడానికి, అన్నిటికీ అంతే. మే నెల బరంపురంలో ఒక మనిషి తాగడానికే అంత కావాలి. వాన వస్తే పండగ, తెరచాపలు పరిచి పట్టేవారు, మొదటి నీళ్ళు పారబోయాలి ఎందుకంటే బట్ట నిండా ఉప్పు, ఆ తర్వాత వచ్చేవి పట్టుకుని బట్టలు ఉతుక్కునేవారు, ఒళ్ళు కడుక్కునేవారు. పీపా తాళం ఎవరి దగ్గరుంది, కొలిచేది ఎవరు, కొలిచేటప్పుడు చెయ్యి వణికిందా లేదా అని ఓడ మొత్తం కళ్ళు అక్కడే ఉండేవి.

ఇది నాకు పుస్తకాల వల్ల మాత్రమే తెలిసింది కాదు. మా షిప్పుల్లో ఇంజను వేడితో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే మెషిన్ ఉంటుంది, షిప్పు నడుస్తుంటే నీళ్ళకి లోటు ఉండదు. ఒకసారి ఒక రేవు బయట, ఆ రేవు పేరు ఎందుకులెండి, బెర్త్ దొరక్క లంగరేసుకుని వారాల తరబడి కూర్చున్నాం. మెయిన్ ఇంజను ఆగితే మెషిన్ ఆగింది. పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట నీళ్ళు అని చీఫ్ ఆఫీసర్ బోర్డు మీద రాసాడు. వాతావరణం అద్దంలా ఉంది, చుట్టూ సముద్రం గోపాల్‌పూర్ బీచిలో సెలవురోజు ఉన్నట్టే ఉంది. ఆ వారాల్లోనే మా వాళ్ళ మధ్య మాటలు తెగిపోయాయి, ఒకడు ఇంకొకడి బకెట్ వాడాడని మెస్ రూములో కొట్టుకునేదాకా వచ్చింది, అంతకుముందు పెద్ద తుఫాన్లో తాడు కట్టుకుని ఒకరినొకరు పట్టుకుని పనిచేసినవాళ్ళే వాళ్ళిద్దరూ. తుఫాన్లో మనిషి మంచివాడుగా ఉండడం తేలికని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక తిండి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నా వాదనకి అసలు బలం ఇక్కడే ఉంది.

1740 సెప్టెంబర్లో ఆన్సన్ అనే ఇంగ్లీషు దొర యుద్ధ ఓడలు తీసుకుని బయల్దేరాడు, దాదాపు 1,900 మంది. 1744లో సెంచూరియన్ అనే ఒక్క ఓడతో తిరిగొచ్చాడు, మొదట బయల్దేరినవాళ్ళలో ఆ ఓడ మీద మిగిలింది 188 మంది. శత్రువు చేతిలో పోయినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దక్షిణ అమెరికా కొస దగ్గర భయంకరమైన గాలులు తగిలాయి నిజమే, కొన్ని ఓడలు వెనక్కి తిరిగాయి, ఒకటి రాళ్ళకి కొట్టుకుంది. కానీ మనుషుల్ని వందల్లో మింగింది జ్వరాలూ స్కర్వీనూ. చిగుళ్ళు ఉబ్బి నల్లబడటం, పళ్ళు ఊడటం, ఎప్పుడో మానిపోయిన గాయాలు మళ్ళీ తెరుచుకోవడం, లేచి నిలబడబోయి అక్కడే ప్రాణం పోవడం. కారణం విటమిన్ సి లేకపోవడం, ఇంతే. ఎండు రొట్టె, ఉప్పు మాంసం, బఠానీలు, వీటిలో అది లేదు. ఆ తర్వాత 1747లో సాలిస్‌బరీ అనే ఓడ మీద డాక్టర్ జేమ్స్ లిండ్ జబ్బుపడ్డ పన్నెండుమందిని ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక జంటకి యాపిల్ సారా, ఒక జంటకి వెనిగర్, ఒక జంటకి సముద్రపు నీళ్ళు, ఇలా ఇచ్చి చూసాడు. రోజుకి రెండు నారింజలూ ఒక నిమ్మకాయా తిన్న జంట వారం తిరక్కుండా లేచి తిరిగారు. అయినా నేవీలో అందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. నలభై ఎనిమిదేళ్ళు! ఎందుకు పట్టిందంటే నిమ్మరసం పంచడంలో వీరత్వం ఏమీ కనపడలేదు, ఫిరంగులకి పెట్టిన శ్రద్ధ నిమ్మకాయలకి పెట్టలేదు, నేనైతే అలాగే అర్థం చేసుకున్నాను.

కెప్టెన్ కుక్ సంగతి వేరు. ఆయన 1768లో బయల్దేరినప్పుడు ఊరబెట్టిన క్యాబేజీ పీపాలు ఎక్కించాడు. నావికులు ముట్టుకోలేదు, పులుపు వాసన. తిట్టలేదు ఆయన. రోజూ ఆఫీసర్ల బల్ల మీద అది పెట్టించి, కింద వాళ్ళకి మాత్రం ఇష్టమైతే తినండి లేకపోతే మానండి అన్నాడు. పెద్దవాళ్ళు తింటున్నారంటే అందులో ఏదో ఉందని వారంలోపే అందరూ ఎగబడి అడిగారు, చివరికి కొలిచి పంచాల్సొచ్చింది. కుక్ ఏ దీవి కనిపెట్టాడో పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. నన్నడిగితే ఆ క్యాబేజీ పాఠం ముందు చెప్పాలి.

మన అన్నం తినేవాళ్ళకి ఇంకా దగ్గరి కథ ఒకటుంది. జపాన్ నేవీవాళ్ళది. 1883లో ర్యూజో అనే ఓడ న్యూజిలాండ్, చిలీ, హవాయి తిరిగొచ్చింది. 376 మందిలో 169 మందికి బెరిబెరి, 25 మంది చనిపోయారు. కాళ్ళు వాచి, తిమ్మిరెక్కి, గుండె ఆగి. తకాకి అనే నేవీ డాక్టరు తెల్లబియ్యం ఎక్కువగా తినడంలోనే ఏదో ఉందని పట్టుకుని, మరుసటి ఏడు సుకుబా అనే ఓడని సరిగ్గా అదే దారిలో పంపించాడు, తిండి మాత్రం మార్చి, మాంసం, పాలు, రొట్టె పెంచి. ఒక్క చావు లేదు, జబ్బుపడ్డవాళ్ళు పదిహేనుమంది అటూ ఇటూ. అదే సముద్రం, అవే గాలులు. మారింది కంచంలో ఉన్నది. ఆయన మాంసకృత్తులు తక్కువ కావడమే కారణం అనుకున్నాడు, అసలు కారణం బియ్యం పొట్టుతో పాటు పోయే విటమిన్ బి1 అని తర్వాత తేలింది.

ఈ బెరిబెరి మాకు పరాయి జబ్బు కాదు. 1835లోనే మాల్కంసన్ అనే మద్రాసు వైద్యాధికారి ఉత్తర సర్కారుల్లోని పటాలాల్లో ఈ జబ్బు గురించి పెద్ద వ్యాసం రాసాడు. ఉత్తర సర్కారులు అంటే గంజాం కూడా అందులోదే, 1936లో ఒడిశా ఏర్పడేదాకా మేం మద్రాసు వైపే. పచ్చిబియ్యాన్ని తెల్లగా దంపి తినేచోట ఈ జబ్బు ఎక్కువ, వడ్లని ఉడకబెట్టి ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం తినేచోట తక్కువ, ఎందుకంటే ఉడికేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి పోతుంది. మా వీధిలో ఇప్పటికీ ఒడియా ఇళ్ళలో ఉసునా బియ్యం, మా తెలుగు ఇళ్ళలో పచ్చిబియ్యం, ఒకరి అన్నం చూసి ఒకరు మొహం పెడతారు. ఆరు నెలల ప్రయాణానికి ఓడ ఎక్కించాల్సొస్తే ఈ తేడానే కొందరు బతకడం, కొందరు చావడం అయ్యుండేది. పాలూరు నుంచి పోయినవాళ్ళు ఏ బియ్యం ఎక్కించారు? ఏ నూనె? ఎండుచేప ఎంత? చింతపండు ఎంత? చరిత్ర రాసేవాళ్ళు ఈ ప్రశ్నని వంటింటి ప్రశ్న అనుకుని పక్కన పెట్టకూడదు, ఇదే మొదటి ప్రశ్న అని నేనంటాను.

రోజంతా చేసే పని గురించి కూడా చెప్పాలి. గాలి స్థిరంగా ఒకే వైపు నుంచి వీచే ప్రాంతాల్లో వారం రోజులు తెరచాప తాడు ముట్టుకోనక్కర్లేని రోజులు కూడా ఉండేవి. ఖాళీగా కూర్చునేవారా అంటే లేదు. పొద్దున్నే డెక్ అంతా సముద్రపు నీళ్ళు పోసి రాయితో రుద్దాలి, అది శుభ్రం కోసమే కాదు, చెక్క ఎండిపోతే సందులు విచ్చుకుని కింద పడుకున్నవాళ్ళ మీద నీళ్ళు కారతాయి. అడుగున చేరిన నీళ్ళు పంపు కొట్టి తోడాలి, కొన్ని పాత ఓడల్లో ప్రతి జట్టూ తోడాల్సిందే. సందుల్లో నార కూరి కరిగించిన తారు పోయాలి. తాడు తాడుకి రాసుకునేచోట గుడ్డ చుట్టాలి. ఇంకోటి, నాకు బాగా నచ్చిన సంగతి, మంచి గాలుల ప్రాంతంలోకి రాగానే గట్టి తెరచాపలన్నీ దింపి పాతవి, అతుకులేసినవి ఎక్కించేవారు, దక్షిణాన చలిగాలులు దగ్గరపడుతున్నాయనగా మళ్ళీ కొత్తవి ఎక్కించేవారు. అంటే మంచి రోజుల్లోనే చెడ్డ రోజులకి సరుకు దాచిపెట్టడం. టన్నుల బరువున్న బట్ట, దింపడం ఎక్కించడం అంతా చేతులతోనే. తీరిక దొరికితే అరచేతికి తోలు పట్టీ వేసుకుని సూదితో కుట్టుకుంటూ కూర్చోవడం.

కుట్టడం అంటే మా తీరానికి బాగా తెలిసిన పని. గోపాల్‌పూర్లో ఓడలు ఒడ్డుకి రాలేని రోజుల్లో సరుకునీ మనుషుల్నీ మోసింది మసూలా పడవలు, మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలు, కెరటం కొడితే విరక్కుండా ఒళ్ళు విరుచుకునేవి. మన వాడబలిజ వాళ్ళే, ఒడియావాళ్ళు నొళియా అంటారు, వాటిని నడిపింది. తాడు పుచ్చిపోతే విప్పి మళ్ళీ కుట్టేవారు, అది ఎప్పటికీ తెగని పని. ఇప్పుడు నేవీవాళ్ళు అజంతా బొమ్మ చూసి కుట్టు ఓడ కౌండిన్య కట్టించారు, 2025 మేలో కార్వార్‌లో నేవీలో చేరింది. దాని గురించి టీవీలో వచ్చినంతసేపు మా వీధిలో అందరూ గర్వపడ్డారు, నేనూ పడ్డాను. పడుతూనే గోపాల్‌పూర్లో మసూలా కుట్టిన చేతుల గురించి ఆలోచించాను, ఆ కుట్టు ఎంతకాలానికి మార్చేవారో చెప్పగల ముసలివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారా అని.

దీనికి ఎదురు వాదన ఉంది, తేలిగ్గా తీసిపారేయను. బరంపురంలో నాతో టీ తాగే మిత్రుడొకాయన అంటారు, "రోజువారీ పని అందరూ చేస్తారన్నా, హోటల్లో వంటవాడూ చేస్తాడు, సముద్రం మీద గొప్పతనం ధైర్యంలోనే ఉంది, అది తీసేస్తే ఏం మిగిలింది" అని. ధైర్యం కావాలి, కాదనను. తారిణి మొదటి యాత్రలో, 2017 సెప్టెంబర్ 10 నుంచి 2018 మే 21 దాకా, ఆరుగురు ఆడపిల్లలు వర్తికా జోషి నాయకత్వంలో భూమి చుట్టొచ్చారు, వాళ్ళలో స్వాతి పాతర్లపల్లి మన విశాఖ అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ అమ్మాయి. న్యూజిలాండ్ లిటిల్‌టన్ నుంచి ఫాక్‌లాండ్ దీవుల పోర్ట్ స్టాన్లీ దాకా నలభై రోజులు దాటి ఒక్క ఒడ్డు ముట్టుకోలేదు, అరవై నాట్లు, అంటే గంటకి నూట పది కిలోమీటర్లు, దాటిన గాలి చూసారు. ఆ గాలిలో చుక్కాని దగ్గర నిలబడటానికి గుండె ధైర్యం కావాలి. కానీ ఆ రోజున తెరచాప చిరక్కుండా ఉందంటే, తాడు తెగకుండా ఉందంటే, అంతకుముందు ఏ గాలీ లేని మధ్యాహ్నం ఎవరో కూర్చుని ప్రతి కుట్టూ ప్రతి బోల్టూ తడిమి చూసుండాలి. వాళ్ళకి చివర్లో స్టీరింగ్ పాడై మారిషస్‌లో ఆగాల్సొచ్చింది, అది కూడా తుఫాను ఘట్టం కాదు, మరమ్మతు ఘట్టం. ఫైలిన్ రోజు మా జిల్లాలో ఏం జరిగిందో గుర్తుతెచ్చుకోండి, లక్షల మందిని గాలి రాకముందే కదిలించారు కాబట్టి అంత పెద్ద తుఫానులో ప్రాణనష్టం అంత తక్కువ. బస్సులు, షెల్టర్లు, అక్కడ వండిన అన్నం, తాగేనీళ్ళు. ధైర్యం ఆ రాత్రి చూపించారు, ప్రాణాలు మాత్రం అంతకుముందే కాపాడారు. నా మిత్రుడితో కూడా ఇదే అన్నాను, ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

తారిణి అన్న పేరు పెట్టింది కూడా మా జిల్లా అమ్మవారిదే, రుషికుల్య ఒడ్డున కొండ మీద తారాతారిణి. ఓడలవాళ్ళు మొక్కుకునే తల్లి అంటారు. చైత్ర మంగళవారాల్లో మా తెలుగువాళ్ళు ఎంతమంది పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి మెట్లెక్కుతారో చూసినవాళ్ళకి తెలుసు. ఆ మెట్ల దారిలో ఆ పడవ ఫోటో ఒకటి పెడితే సంతోషమే, ఫోటో పక్కన ఆ ఆరుగురూ ఎన్ని కిలోల బియ్యం తీసుకెళ్ళారు, స్నానం ఎలా చేసారు, గాలికి పక్కకి ఒరిగిన పడవలో పడుకున్నప్పుడు కింద పడకుండా ఏం కట్టుకున్నారు అని కూడా రాయాలి. మెట్లెక్కే పదేళ్ళ పిల్లకి కెరటం ఎత్తు కన్నా ఇవే బాగా ఎక్కుతాయి, అప్పుడు తనూ వెళ్ళొచ్చు అనిపిస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది కూలి ఓడల సంగతి. గంజాం, విశాఖ జిల్లాల నుంచి మద్రాసు రేవు మీదుగా మారిషస్‌కి, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి చెరుకు తోటల పనికి పోయినవాళ్ళు. మొదటి దశాబ్దాల్లో చాలామంది పోయింది తెరచాప ఓడల్లోనే. నాటాల్ ఓడల లిస్టుల్లో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చ ఎక్కడుంది అన్నదాకా రాసుకున్నారు. మోకాలి మీద మచ్చ రాసినవాడు ఆ మనిషి ఓడలో ఏ మూల పడుకున్నాడో రాయలేదు. రూల్సు పుస్తకం వల్ల కొంత తెలుస్తుంది, బియ్యం, పప్పు, నెయ్యి, పసుపు, మిరపకాయ, చింతపండు, ఎండుచేప ఎక్కించాలని, గాలి ఎక్కువై పొయ్యి వెలిగించలేని రోజున అటుకుల్లాంటి పొడి తిండి పంచాలని, వంటకి భండారీలని, పాయిఖానాలు కడగడానికి టోపస్‌లని పెట్టాలని, జబ్బు చేస్తే చూడ్డానికి ఒక డాక్టరు. ఊర్లో ఒకరి నీళ్ళు ఒకరు ముట్టనివాళ్ళు ఒక్క అండాలో వండిన అన్నం తిన్నారు. మొదటి రోజు ఆ కంచం ముందు కూర్చున్నప్పుడు ఎవరు లేచిపోయారు, ఎవరు కళ్ళు మూసుకుని తిన్నారు, ఎన్నో రోజుకి అది మామూలైంది? కులం గురించి మనం రాసుకున్న పేజీలన్నిటిలో ఈ ఒక్క పేజీ లేదు, ఆ పేజీ ఓడ మీద రోజూ పూటపూటకీ కళ్ళెదుట జరిగింది. ఆ టోపస్ పని చేసిన మనిషి ఒక్క వారం పని మానేస్తే, ఏ తుఫానూ అక్కర్లేకుండా విరేచనాలూ కలరాతో ఓడ ఖాళీ అయ్యేది. ఓడని ఒడ్డు చేర్చినవాళ్ళలో అతని పేరు కెప్టెన్ పేరు పక్కనే ఉండాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

కటకంలో జోబ్రా దగ్గర మారిటైం మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళండి. పడవల నమూనాలు చూసాక పిల్లలకి అక్కడే నిలబెట్టి, ఇందులో నలభైమంది ఎక్కితే రెండు నెలలకి ఎన్ని నీళ్ళు కావాలో, ఆ పీపాలు ఎక్కడ పడతాయో లెక్కేయమనండి, రోజుకి మూడున్నర లీటర్లు వేసినా ఎనిమిదివేల లీటర్ల పైమాటే వస్తుంది. ఇక మీ ఇంట్లో రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళొచ్చిన తాతల మాటలు గుర్తున్నవాళ్ళు ఉంటే, గోపాల్‌పూర్, సోనాపూర్, బారువ, కళింగపట్నం వైపు తెప్పల మీద, చాప పడవల మీద పోయిన పెద్దవాళ్ళు ఉంటే, షిప్పుల్లో సరంగులుగా, భండారీలుగా చేసినవాళ్ళు ఉంటే, దయచేసి ఈ నెల్లోనే పోయి కూర్చోండి. నీళ్ళు ఎవరు కొలిచేవారు, పులుపుకి ఏం వేసేవారు, ఆడవాళ్ళు ఉంటే వాళ్ళకి చాటు ఎక్కడుండేది, రాత్రి ఎవర్ని ఎవరు లేపేవారు, గొడవపడితే ఎవరు సర్దేవారు, జబ్బుచేసినవాడి పని ఎవరు చేసేవారు అని అడగండి. ఒడియాలో చెప్పినా, తెలుగులో చెప్పినా, మా గంజాంవాళ్ళలాగ రెండూ కలిపి చెప్పినా, చెప్పింది చెప్పినట్టు ఫోన్లో రికార్డు చేసి పెట్టండి, ఎవరి నాన్నమ్మో ఎవరి మావయ్యో చెప్పినట్టుగా ఊరి పేరు కూడా కలిపి.